పిల్లలతో మ్యూజియమునకు

పిల్లలను మ్యూజియమునకు గొనిపోవు తల్లులలో పెక్కండ్రు, టిక్కెట్టు సొమ్మంతయు రాబట్టవలెనని గదిగదియు త్రిప్పుదురు. మేమును హైదరాబాదునందలి సాలార్‌జంగు మ్యూజియమున నట్లే చేసితిమి. పింగాణి పాత్రలు చూచుచుండగానే చిన్నవాడు నేలపై కూలబడెను. పెద్దపిల్ల యింటికి పోదమని పోరుపెట్టెను. అటుపిమ్మట చాలకాలము వారు మ్యూజియము మాట యెత్తనీయలేదు.

రెండవసారి మూడే వస్తువులు చూతమని ముందే చెప్పి, కడుపునిండ నన్నము పెట్టి తీసికొనిపోయితిమి. ఒకే కొయ్యదుంగలో ముందువైపు మెఫిస్టోఫెలీసు, వెనుకవైపు తలవంచిన మార్గరెట్టా చెక్కబడిన బొమ్మ యచట గలదు. వెనుకనున్న యద్దమున నామె కనబడును. మేమేమియు వివరింపక, "అద్దములో నున్నదెవరు?" అని మాత్రమడిగితిమి. ఇద్దరును ఇటునటు తిరిగి తామే కనుగొనిరి. పిదప బెంజోని మలచిన ముసుగు రెబెక్కా. ముట్టరాదని ముందే చెప్పియుండుటచే పెద్దపిల్ల చేతులు వెనుకకు గట్టుకొని, అది గుడ్డయో రాయియో తేల్చుకొనలేక చాలసేపు నిలిచెను.

గడియారమునొద్దకు మాత్రము ముందుగా చేరి చోటు చూచుకొనవలెను. గంటగంటకు చిన్న బొమ్మమనిషి తలుపు తీసికొని వచ్చి గంట కొట్టును. పండ్రెండింటికి పోవుట మేలు. ఒంటిగంటకు పోయినవారికి దక్కునది యొక్క దెబ్బయే!

తక్కిన గదులు చూడలేదను వెలితి మాకు లేకపోలేదు. ఆ సాయంకాలము మాత్రము చిన్నవాడు వంటింటి తలుపు చాటునుండి వచ్చి, పళ్లెముపై గరిటెతో పండ్రెండు దెబ్బలు కొట్టి మరల లోనికి పోయెను.