రీడింగ్ లాగ్ ఎందుకు ఆపేశానంటే...



మా ఏడో తరగతి పిల్లల రీడింగ్ లాగ్ నోట్‌బుక్ ఈ నెల ఖాళీగా ఉందని మీలో కొందరు డైరీలో రాశారు, కొందరు ఫోన్ చేసి అడిగారు. నేను మర్చిపోలేదండీ, కావాలనే ఆపాను. యాన్యువల్ ఎగ్జామ్స్ దగ్గర పడుతున్నప్పుడు ఇదేం పని అని మీకు అనిపించడం సహజం. అందుకే కారణం చెప్తున్నాను. మిగతా తరగతుల తల్లిదండ్రులకూ పనికొస్తుందేమోనని ఇక్కడ రాస్తున్నాను.

డిసెంబర్ పేరెంట్స్ మీటింగ్‌కి మనవడి తరఫున ఒక తాతగారు వచ్చారు. "మావాడికి ఇంగ్లీషు బాగా రావాలంటే ఏ పుస్తకాలు కొనమంటారమ్మా?" అని అడిగారు. అలవాటుగా నాలుగు పేర్లు చెప్పాను. ఆయన చీటీ మీద రాసుకుని, "ఈ మధ్య మీరు చదివినవాటిలో ఏది బాగుంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. బీఈడీ అయ్యాక సిలబస్ బయట ఒక్క పుస్తకం కూడా నేను పూర్తిగా చదవలేదు. రోజూ చదవమని పిల్లలకు చెప్తున్నది మాత్రం నేనే.

ఆ సిగ్గుతోనే జనవరిలో మన విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లాను. ఒకే రకం కాకుండా తెలుగు, ఇంగ్లీషు కలిపి ఐదు పుస్తకాలు కొన్నాను. నెలంతా రాత్రి భోజనాలయ్యాక ఫోన్ పక్క గదిలో పెట్టి చదివాను.

మొదటిది ఆర్.కె. నారాయణ్ 'స్వామి అండ్ ఫ్రెండ్స్'. 1935లో వచ్చిన నవల. అందులో నాన్న స్వామికి మామిడిపళ్ల లెక్క ఇస్తాడు. వాడికి లెక్క ముందుకు సాగదు, ఆ పళ్లు పండాయా, పచ్చివా అన్నదే ఆలోచన. ఆ పేజీ క్లాసులో చదివి వినిపిస్తే వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "మిస్, అవి రసాలా, బంగినపల్లా?" అన్నాడు. నూజివీడు మామిడి తిని పెరిగిన పిల్లాడికి రావలసిన ప్రశ్నే అది. ఏ వర్క్‌షీట్‌లోనూ నేను అలాంటి ప్రశ్న ఇవ్వలేదు.

రెండోది మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిస్టర్ పార్వతీశం'. మొగల్తూరు కుర్రాడు ఇంగ్లండు బయల్దేరి దారి పొడుగునా తికమక పడుతుంటే గట్టిగా నవ్వాను. తర్వాత నవ్వు కాస్త తగ్గింది. పేరెంట్స్ మీటింగ్ రోజున ఇంగ్లీషులో మాట్లాడాలేమోనని గుమ్మం దగ్గరే ఆగిపోయే అమ్మలు గుర్తొచ్చారు. దయచేసి అలా ఆగకండి. మీ పిల్లల గురించి తెలుగులోనే హాయిగా మాట్లాడుకుందాం.

మూడోది సత్యం శంకరమంచి గారి 'అమరావతి కథలు'. మన కృష్ణ ఒడ్డు కథలు, మొత్తం వంద, అన్నీ చిన్నవే. రాత్రికి ఒకటి చొప్పున చదివాను, ఇంకా పూర్తి కాలేదు. ఒక నిజం చెప్పాలి. తెలుగు పేజీ చదవడానికి నాకు ఇంగ్లీషు పేజీకి పట్టే టైమ్‌కి రెట్టింపు పట్టింది. చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు మీడియమే కదా అని సర్దిచెప్పుకోబోయాను. పది రోజులయ్యేసరికి వేగం దానంతట అదే పెరిగింది.

నాలుగోది ఒక వ్యక్తిత్వ వికాస పుస్తకం. సగంలో మూసేశాను. నచ్చని పుస్తకం ఆపేయవచ్చని నాకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. నేనూ పిల్లలకు చెప్పలేదు.

ఐదోది 'రైలుబడి'. జపాన్ రచయిత్రి తెత్సుకో కురోయనగి తన చిన్ననాటి బడి గురించి రాసిన 'తొత్తోచాన్'కి తెలుగు. పాత రైలు పెట్టెలే ఆ టోక్యో బడిలో క్లాసు గదులు. హెడ్‌మాస్టర్ కొబయాషి మరో పెట్టె తెప్పించి దాన్ని లైబ్రరీ చేస్తారు. పిల్లలు తమకు నచ్చిన పుస్తకం తీసుకుని తమకు నచ్చిన చోట కూర్చుని చదువుతారు. చదివాక అప్పగించాల్సిన లాగ్ ఏదీ ఉండదు. అక్కడే నేను చాలాసేపు ఆగిపోయాను.

ఎందుకంటే నేను చేస్తున్నది దానికి పూర్తిగా వ్యతిరేకం. రోజుకు పది పేజీలు, పది కొత్త పదాలు, కథలో నీతి, కింద మీ సంతకం. సంక్రాంతి సెలవుల తర్వాత ఆ నోట్‌బుక్కులన్నీ ముందేసుకుని చూశాను. చాలామంది పుస్తకం వెనక అట్ట మీది వాక్యాలే ఎక్కించారు. కొన్నిటిలో రాత పిల్లలది కాదు, పెద్దలది. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. ట్యూషన్ నుంచి తొమ్మిదింటికి వచ్చిన పిల్లాడికి నిద్ర ముంచుకొస్తుంటే మీరు మాత్రం ఏం చేస్తారు? తప్పు నేను పెట్టిన పద్ధతిది.

రైలు పెట్టెలో లైబ్రరీ అంటే మనకు వింతగా ఉంటుంది కానీ, మన కాలువల్లో పడవ మీదే లైబ్రరీ నడిచింది. 1935లో, అంటే స్వామి కథ అచ్చయిన ఏడాదే, పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి దగ్గర కాలువలో పుస్తకాల పడవ నడిపించారు. అంతకుముందే, 1914లో, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది మన బెజవాడలోనే. దాని వెనక ఉన్నవారు అయ్యంకి వెంకట రమణయ్య గారు. పుస్తకాన్ని జనం దగ్గరికే తీసుకెళ్లడానికి వాళ్లు అంత శ్రమపడ్డారు. ఈ రోజు మనకు ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులున్నాయి, లెనిన్ సెంటర్‌లో తక్కువ ధరకే పాత పుస్తకాలు దొరుకుతాయి. లేనిదల్లా ఇంట్లో ఓ ఇరవై నిమిషాలు.

"దీనివల్ల మార్కులు పెరుగుతాయా మేడమ్?" అని అడుగుతారని తెలుసు. హామీ ఇవ్వలేను. ఫీజు కట్టే మీకు ఆ ప్రశ్న అడిగే హక్కుంది. నేను చూసింది మాత్రం చెప్తాను. లాగ్ ఆపాక మొదటి వారం కొందరు అసలు పుస్తకమే తియ్యలేదు. రెండో వారం ఇద్దరు అమ్మాయిలు లంచ్ బెల్ కొట్టినా ఒకే పుస్తకం మీద వంగి ఉన్నారు. ఇప్పటికి ఇంతే. ఇంకా ఎక్కువ చెప్తే అబద్ధమవుతుంది.

పరీక్షల రివిజన్ నేను తగ్గించను, మీరూ తగ్గించవద్దు. రాత్రి పడుకునే ముందు ఇరవై నిమిషాలు మాత్రం ఇవ్వండి. టీవీ ఆపి, ఫోన్లు పక్కన పెట్టి మీరూ ఏదో ఒకటి చదవండి. అది తెలుగు వారపత్రికైనా పర్వాలేదు. పిల్లల చేతిలో కామిక్ ఉంటే కామిక్కే చదవనివ్వండి. నచ్చకపోతే మధ్యలో ఆపనివ్వండి. అయ్యాక "ఏం నేర్చుకున్నావ్?" అని అడగకండి. వాళ్లే చెప్పాలనుకుంటే వినండి.

వచ్చే మీటింగ్‌కి ఆ తాతగారు మళ్లీ వస్తారనుకుంటున్నాను. ఈసారి నా దగ్గర జవాబుంది. మీరూ వచ్చినప్పుడు ఈ నెల ఏం చదివారో నాకు చెప్పండి.