ఎల్ పోయి ఆర్ వచ్చింది

పోయిన శ్రావణంలో మా అమ్మకు జ్వరం వస్తే, రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటికొచ్చి చూసినాయన ఆర్‌ఎంపీ. పాత మోపెడ్, హ్యాండిలుకు రెగ్జిన్ సంచి, అందులో బీపీ మిషను, పారాసెటమాల్ అట్టలు, నాలుగైదు సిరంజీలు. ఇంజెక్షన్ వద్దన్నాను. ‘సూది వెయ్యకపోతే ఆయన వచ్చిందెందుకురా’ అని అమ్మే నన్ను కసిరింది. ఊరందరికీ ఆయన డాక్టరు గారే. ఆర్‌ఎంపీ అంటే రిజిస్టరైన వైద్యుడని అర్థం. ఈయన పేరు మాత్రం ఏ మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్లోనూ లేదు.

ఇలాంటివాళ్లను పట్టుకోవడానికి తెలంగాణ వైద్య మండలి దాడులు చేస్తోంది. చెయ్యాల్సిందే. ఇష్టమొచ్చినట్టు యాంటీబయాటిక్‌లు, స్టెరాయిడ్లు ఎక్కించేవాళ్లను వెనకేసుకురాను. అయితే వీళ్లు ఊళ్లోకి ఎలా వచ్చారో కూడా ఎవరైనా అడగాలి కదా.

మా తాతల కాలంలో ఊళ్లో వైద్యానికి ఎల్‌ఎంపీ, అంటే లైసెన్షియేట్ డాక్టరు ఉండేవాడు. డిగ్రీ లేకపోయినా, మద్రాసు రాయపురం లాంటి చోట మెడికల్ స్కూల్లో కొన్నేళ్లు చదివి, పరీక్ష పాసై వచ్చినవాడు. దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చేనాటికి దేశంలో రిజిస్టరైన సుమారు 47 వేల మంది వైద్యుల్లో దాదాపు 30 వేల మంది ఈ లైసెన్షియేట్లే. కమిటీ ఆ చదువు ఎత్తేసి, దేశమంతటికీ ఎంబీబీఎస్ ఒక్కటే ఉండాలంది. రెండు తరగతుల వైద్యులుండకూడదన్నది మంచి ఆలోచనే. చాలినంతమంది గ్రాడ్యుయేట్లు తయారయ్యేదాకా ఎల్‌ఎంపీలను ఆపొద్దని కమిటీలోనే కొందరు అసమ్మతి రాశారు. వాళ్ల మాట నెగ్గలేదు. మెడికల్ స్కూళ్లు కొన్ని కాలేజీలయ్యాయి, కొన్ని మూతపడ్డాయి. ఎంబీబీఎస్ పల్లె దాకా రాలేదు. టౌన్లో డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేసి నాలుగు మందుల పేర్లు నేర్చుకున్నవాడు ఊరికొచ్చి బోర్డు పెట్టాడు. ఎల్ పోయి ఆర్ వచ్చింది.

ఇప్పటి సంస్కరణల దగ్గరా నాకున్న పేచీ ఇదే, డాక్టరు పల్లె దాకా ఎలా వస్తాడో చూడరు. డాక్టర్ల కొరత అనగానే మనవాళ్లు సీట్లు లెక్కపెడతారు. డబ్బు ఏ దారిన పోతోందో చూడరు. పేదలకు ఉచిత చికిత్సనిచ్చే ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. గుండె ఆపరేషన్‌కి పొలం అమ్ముకునే రోజులవి. ఎన్నో కుటుంబాలను నిలబెట్టిన పథకాన్ని తక్కువ చేసి మాట్లాడను. కాకపోతే అది ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవాళ్లకు. స్టెంటుకు ప్యాకేజీ ఉంది. షుగరున్న మనిషిని కూర్చోబెట్టి, చెప్పులు విప్పించి అరికాళ్లు చూసి, మందు మార్చి పంపే పావుగంటకు లేదు. 2023 డిసెంబర్లో కుటుంబానికిచ్చే పరిమితి తెలంగాణలో 10 లక్షలైంది, ఆంధ్రలో 25 లక్షలైంది. ఆ పావుగంట ఎక్కడిదక్కడే ఉంది.

ఇరవై నాలుగేళ్ల కుర్రడాక్టరు ఇది గమనించడా? ‘ఉత్త ఎంబీబీఎస్సా?’ అని పెళ్లిచూపుల్లో అడిగే దేశం మనది. 2025లో ఆంధ్ర పీహెచ్‌సీ డాక్టర్లు సమ్మెకు దిగితే అందులో పెద్ద కోరిక ఇన్‌సర్వీస్ పీజీ కోటా, అంటే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు పీజీ సీట్లలో వాటా. పల్లెలో పనిచేస్తున్నవాళ్లు కూడా అడిగింది పల్లె దాటే దారినే. వాళ్లను తప్పుపట్టను, వాళ్ల చోట నేనున్నా అదే అడుగుతాను.

తెలంగాణలో 2014లో ఐదు ప్రభుత్వ మెడికల్ కాలేజీలుండేవి, పదేళ్లకు 34 అయ్యాయి. సీట్ల లెక్క అలా ఉంది. ఆంధ్రలో 2023లో ఫ్యామిలీ డాక్టర్ పథకం పెట్టి, నెలకు రెండుసార్లు డాక్టరును ఊళ్లోకి పంపారు. ఆలోచన నాకు నచ్చింది, షుగరుకు, బీపీకి సరిపోతుంది. జ్వరమే తారీఖు చూసుకుని రాదు. నన్నడిగితే, ఆస్పత్రి ప్యాకేజీలకు పెంచిన పరిమితిలో కొంత తగ్గించైనా, ఊళ్లో కాపురముండి ఓపీ చూసే ఎంబీబీఎస్‌కు పట్నంలో స్పెషలిస్టుకు దీటుగా జీతమివ్వాలి. పదేళ్లు ఉంటే ఇంత అని ఖాయం చెయ్యాలి.

ఆ రాత్రి అమ్మకు సూది లేకుండానే మాత్రలిచ్చి, డాక్టరు గారు కాఫీ తాగుతూ తన మనవరాలి సంగతి చెప్పారు. కొత్తగా పెట్టిన సర్కారు కాలేజీలో సీటొచ్చిందట, రెండో ఏడు చదువుతోందట. నాకు ఉత్సాహం వచ్చింది.

‘‘అయితే ఇంకో నాలుగేళ్లకు మన ఊరికి అసలైన డాక్టరు వస్తుందన్నమాట.’’

ఆయన నా వంక వింతగా చూశారు.

‘‘ఇక్కడేముందండీ, దానికి? ముందు పీజీ రావాలి కదా.’’

సంచిలో ఫోను మోగింది. పక్క వీధిలో ఎవరికో వాంతులట. గ్లాసు కింద పెట్టి, మోపెడ్ తొక్కుకుంటూ వెళ్లిపోయారు.