బంద్ రోజున ఆగేది ఎవరి బస్సు?



బంద్ పిలుపు ఉన్న రోజు తెల్లారకముందే మనం రోడ్డు మీద ఉంటాం. పాడేరులో బస్సులు కదలవు. జీపులు, ఆటోలు తిరగవు. దుకాణాల షట్టర్లు లేవవు. మధ్యాహ్నానికి గ్రూపుల్లో ఫోటోలు వచ్చేస్తాయి, "మన్యం బంద్ విజయవంతం" అని. చూసి సంతోషపడతాం, అందులో తప్పులేదు. కానీ ఆ ఫోటోల్లో కనపడని మనవాళ్ల గురించి ఒకసారి మాట్లాడుకోవాలి.

ముందు, ఎందుకు రోడ్డెక్కుతున్నామో గుర్తు చేసుకుందాం. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరి 10న జీవో నంబర్ 3 వచ్చింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటినుంచి తిరగని ఆఫీసు లేదు, ఇవ్వని వినతిపత్రం లేదు. ఆదివాసీలకు ప్రత్యేక డీఎస్సీ కావాలని 2025 మే నెలలో మన్యం రెండు రోజులు బంద్ చేశాం. అంతకుముందు ఫిబ్రవరిలో, పర్యాటకం పేరు చెప్పి 1/70 చట్టాన్ని సడలించాలన్న మాట వినపడగానే ఏజెన్సీ మొత్తం ఆగిపోయింది. ఆ చట్టాన్ని మార్చే ఆలోచన లేదని ముఖ్యమంత్రే చెప్పాల్సి వచ్చింది. కాబట్టి బంద్ వల్ల ఏం లాభం అని అడిగేవాళ్లకి మన దగ్గర జవాబు ఉంది.

"జనానికి ఇబ్బంది కదా" అనేవాళ్లకీ జవాబు ఉంది. రోడ్డు లేని మన గూడేలకి ఏడాది పొడుగునా బంద్ కాదా? నిండు గర్భిణిని డోలీలో మోసుకొస్తున్న రోజు ఎవరు అడిగారు ఇబ్బంది గురించి? టీచర్ రాక బడి తలుపు తెరవని రోజులు ఎవరు లెక్కపెట్టారు?

ఈ జవాబులో అబద్ధం లేదు. కానీ దీని చాటున మనం దాక్కోకూడదు. ఎందుకంటే ఆ డోలీ కొండ దిగి తారు రోడ్డుకి చేరేసరికి, అక్కడ అడ్డంగా కట్టిన తాడు మనదే అయితే ఏం చెప్తాం?

బంద్ రోజు ఎవరు ఆగుతున్నారో చూడండి. కలెక్టర్ గారి కారుకి ఆ రోజు పెద్ద నష్టం లేదు. అరకు చూడ్డానికి వచ్చే టూరిస్టు రెండు రోజులాగి వస్తాడు. ఆగేది ఆర్టీసీ బస్సు తప్ప వేరే దారిలేని మనవాళ్లే. సంతకి పసుపో, రాజ్మా చిక్కుళ్లో తెచ్చుకున్న అమ్మకి ఆ వారం సంత పోతే మళ్లీ వారం దాకా చేతిలో డబ్బు ఆడదు. విశాఖ కేజీహెచ్‌కి రాసిచ్చిన రోగి వంద కిలోమీటర్లకి పైగా ఘాట్ దిగాలి. పరీక్ష ఉన్న పిల్ల హాల్ టికెట్ పట్టుకుని బస్టాపులో నిలబడి ఉంటుంది.

ఆ పిల్ల గురించి ఆలోచించండి. మనం ఏ టీచర్ పోస్టు కోసం కొట్లాడుతున్నామో, రేపు ఆ పోస్టులో చేరాల్సింది ఆమే. ఆమె పరీక్ష పోగొట్టి, ఆమె ఉద్యోగం కోసం బంద్ చేశామంటే ఆ ఇంట్లో ఎవరు నమ్ముతారు?

కోర్టుల మాట కూడా తెలుసుకోండి. బలవంతంగా జనజీవనాన్ని ఆపే బంద్ రాజ్యాంగ విరుద్ధమని 1997లో కేరళ హైకోర్టు చెప్పింది, సుప్రీంకోర్టు సమర్థించింది. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమికూడే హక్కు మాత్రం రాజ్యాంగం 19వ అధికరణంలో మనకి ఉంది. షాపువాడు తనంతట తాను షట్టర్ దించితే అది మన బలం. మనం కర్ర చూపించి దింపిస్తే అది కేసు. ఆ కేసు మోయాల్సింది నాయకులు కాదు, మీలాంటి కుర్రాళ్లు. ఉద్యోగానికి పోలీస్ వెరిఫికేషన్ వచ్చినప్పుడు అది మళ్లీ లేచి కూర్చుంటుంది.

అందుకని ఈసారి బంద్ అనుకున్నప్పుడు నాలుగు పనులు చేద్దాం.

ఒకటి, తేదీ పెట్టేముందు ఇంటర్, డిగ్రీ, డీఎస్సీ పరీక్షల పట్టిక చూడాలి, సంత రోజు చూడాలి. తేదీ ఖాయమయ్యాక కనీసం వారం ముందు కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్లకీ ఆ భాషల్లోనే కబురు చేరాలి.

రెండు, రోడ్డు మీద ప్రతి శిబిరం దగ్గరా ఇద్దరు కుర్రాళ్లు, ఒక బండి సిద్ధంగా ఉండాలి. హాల్ టికెట్ చూపిస్తే దారి ఇవ్వడమే కాదు, బస్సు లేకపోతే మనమే సెంటర్ దాకా దించి రావాలి. అంబులెన్సు, గర్భిణి, రోగి వస్తే ప్రశ్నలు వద్దు.

మూడు, ఒత్తిడి తగలాల్సిన చోట తగలాలి. పల్లె బస్సుని ఆపేకంటే ఐటీడీఏ ముందు, కలెక్టరేట్ ముందు వేలమంది కూర్చుంటే మన మాట అధికారి చెవిలో పడుతుంది.

నాలుగు, ఇంత చేసినా ఎవరికైనా పరీక్ష పోతే, మళ్లీ పెట్టించే బాధ్యత మనదే. మన డిమాండ్లలో అది మొదటి వరుసలో ఉండాలి.

పోరాటం తగ్గించుకోమని ఎవరూ అనట్లేదు. జీవో 3కి బదులు గట్టి చట్టం వచ్చేదాకా రోడ్డెక్కాల్సిందే. కానీ మనం అడ్డం నిలబడ్డ రోడ్డు మీద మన చెల్లి పరీక్షకి వెళ్లగలగాలి. సాయంత్రం తిరిగొచ్చి, మన పక్కన కూర్చుని తనే నినాదం ఇవ్వాలి.

జై ఆదివాసీ!