శాలువల సభలు చాలు, దారి చెప్పే సభలు కావాలి

కళాశాలల్లో వార్షికోత్సవాలు వచ్చాయంటే పట్నం నుంచి పెద్ద అధికారులో, ఇంజనీర్లో, డాక్టర్లో ముఖ్య అతిథులుగా విచ్చేయడం, శాలువ కప్పించుకోవడం, ‘‘కష్టపడి చదవండి, పైకి రండి’’ అని విద్యార్థులను ఉద్బోధించి వెళ్లడం పరిపాటి. వారి సదుద్దేశాన్ని శంకించనక్కరలేదు. అయితే తెల్లవారుజామున బస్సెక్కి కాలేజీకి వచ్చే పల్లెటూరి విద్యార్థికి కష్టం కొత్తది కాదు. ఏ దారిన కష్టపడాలో చెప్పేవారే కరువు.

ఉద్యోగస్తుల పిల్లలకు ఈ సంగతులు ఇంట్లోనే తెలుస్తాయి. ఏ పరీక్షకు ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో, ఏ చదువుకు ఎంత ఖర్చవుతుందో తండ్రో, మేనమామో చెబుతారు. కౌలురైతు కొడుక్కు, బీడీలు చుట్టే తల్లి కూతురికి ఆ వసతి లేదు. అంతా సెల్‌ఫోనులోనే దొరుకుతుంది కదా అనవచ్చు. అడిగినదానికే ఫోను జవాబిస్తుంది. ఏమి అడగాలో తెలియనివారికి అదేం చెబుతుంది?

గణితంతో బీఎస్సీ చదివినవారు ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండో సంవత్సరంలో చేరవచ్చునని ఎందరికి తెలుసు? 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఐటిఐ, డిప్లొమా, డిగ్రీ చదివినవారు స్టైపెండు పొందుతూ పని నేర్చుకోవచ్చు. ఏ డిగ్రీ అయినా పూర్తయ్యాక లాసెట్ ద్వారా మూడేళ్ల న్యాయవిద్యలో చేరవచ్చు. ఇవి రహస్యాలు కావు. చెప్పే నాథుడు లేక తెలియనివి.

వచ్చే పెద్దలు తమ హోదాల కన్న తాము పడిన పాట్లు చెబితే మేలు. అబ్దుల్ కలాం 1999లో వెలువడిన ఆత్మకథలో, తన ఇంజనీరింగు ప్రవేశానికి కావలసిన సుమారు వెయ్యి రూపాయల కోసం అక్క నగలు తాకట్టు పెట్టిన సంగతి దాచలేదు. వైమానికదళం ఎంపికలో ఎనిమిది ఖాళీలుంటే తాను తొమ్మిదో స్థానంలో నిలిచి వెనుదిరిగిన సంగతీ దాచలేదు. ఫీజు ఎక్కడిది, తప్పినప్పుడు ఏం చేశారు అనేవే పేద విద్యార్థి మనసులో మెదిలే ప్రశ్నలు.

ఇందుకు పట్నం వారే రానక్కరలేదు. పాతికేళ్ల అనుభవం ఉన్న బ్యాంకు మేనేజరు, ప్రభుత్వాసుపత్రి హెడ్ నర్సు, పశువైద్యుడు, ఆర్టీసీ డిపో మెకానిక్, న్యాయవాది ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. నెలకొకరిని పిలిచి, అరగంట మాట, గంట ప్రశ్నలు అన్న నియమం పెట్టుకోవచ్చు. అందరి ముందు అడగడానికి బిడియపడేవారు చీటీ రాసి ఇచ్చే వీలుండాలి.

ఒక్క జాగ్రత్త అవసరం. ముప్పైఏళ్ల కిందట చేరినవారు ఆనాటి దారే చెప్పే ప్రమాదముంది. టైపు, షార్ట్‌హ్యాండు పాసైతే గుమాస్తా ఉద్యోగం దొరికిన రోజులు పోయాయి. కనుక అర్హతలు, గడువులు, ఫీజులు అధ్యాపకులు సరిచూసి నోటీసు బోర్డుపై తెలుగులో రాయించాలి. ఈ సభలు డిగ్రీ ఆఖరి ఏడాదిలో పెడితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. పదో తరగతిలో గ్రూపు ఎంచుకోకముందే ఒకటి, ఇంటర్ రెండో ఏడాది మొదట్లో మరొకటి జరపాలి.

వీటికి పెద్ద ఖర్చేమీ లేదు. ఒక వార్షికోత్సవంలో దండలకు, షామియానాకు అయ్యే సొమ్ము ఏడాది పొడవునా సరిపోతుంది. ప్రిన్సిపాళ్లు, పూర్వ విద్యార్థులు ఈ విద్యాసంవత్సరంలోనే పూనుకోవడం మంచిది.