హెచ్చరికా? బెదిరింపా?

నేటి యుగం కంప్యూటరు యుగమని సభల్లో పెద్దలు చెబుతూంటే విని చప్పట్లు కొడుతున్నాం. బాగానే ఉంది. కాని ఆ కంప్యూటరు ముందు కూర్చున్న విద్యార్థికి పది నిమిషాలు మనశ్శాంతి ఉంటున్నదా అని అడిగినవారు లేరు. ప్రాజెక్టు రిపోర్టు టైపు చేద్దామని కూర్చుంటే తెర మూలనుండి ఎర్రటి పెట్టె ఒకటి లేస్తుంది. ‘మీ కంప్యూటరు ప్రమాదంలో ఉంది!’ దాన్ని మూసేలోగా మరొకటి, ‘5 వైరసులు దొరికాయి!’ వెంటనే ఇంకొకటి, ‘మీ రక్షణ గడువు నేటితో ముగిసింది!’ లాబులోను, హాస్టలు గదుల్లోను ఇది రోజూ జరిగే తంతే. మనలో చాలామంది చదవకుండానే మూసేస్తారు. కొందరు గుండెలు బాదుకుంటారు. రెండూ ప్రమాదమే. అయితే ఇందులో తప్పు నొక్కినవాడిది కాదని, అస్తమానం అరిచేవాడిదని నా అభిప్రాయం. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఈ హెచ్చరికలన్నీ ఒక్క జాతివి కావు. మూడు రకాలుగా విడదీసి చూడాలి.

మొదటి రకం నిజమైనవే, కాని అతిగా వచ్చేవి. 2007 జనవరిలో మైక్రోసాఫ్టు వారు విండోస్ విస్టాను బజారులోకి తెచ్చారు. అందులో సెట్టింగు ఏదైనా మార్చబోతే చాలు, తెర మసకబారి అనుమతి ఇస్తారా అని అడిగేది. రోజుకు ఎన్నిసార్లో! 2008లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఒక సదస్సులో ఆ సంస్థ అధికారి డేవిడ్ క్రాస్, వాడేవాళ్ళను విసిగించడానికే దాన్ని పెట్టామని, ఆ విసుగు చూసి సాఫ్ట్‌వేరు రాసేవాళ్ళు దారికి వస్తారన్నది తమ ఉద్దేశమని బాహాటంగా చెప్పారు. దెబ్బ ఒకరికి, పాఠం మరొకరికి! 2009లో వచ్చిన విండోస్ 7లో ఆ ప్రశ్నలు తగ్గించక తప్పలేదు.

చేలో దిష్టిబొమ్మను నిలబెడితే నాలుగు రోజులు పిట్టలు బెదురుతాయి. ఐదో రోజున దాని నెత్తిమీదే వాలతాయి. అదే మంచె మీద మనిషి వడిసెల పట్టుకుని కూర్చుంటే, పిట్ట దిగినప్పుడే కేకేస్తాడు. ఆ కేకకు విలువ ఉంటుంది. కంప్యూటరు కంపెనీలు మంచె మీది మనిషిని దించేసి తెరనిండా దిష్టిబొమ్మలు పాతాయి. మనం పిట్టలకన్నా తెలివితక్కువ వాళ్ళమా, బెదురుతూనే ఉండడానికి?

‘జనానికి తెలివి లేదు, చెప్పినా వినరు’ అనేవాళ్ళు ఒక లెక్క చూడాలి. 2013లో అఖావే, ఫెల్ట్ అనే ఇద్దరు పరిశోధకులు బ్రౌజర్లలో వచ్చిన రెండున్నర కోట్లకు పైగా హెచ్చరికలను పరిశీలించారు. వెబ్‌సైటు గుర్తింపు పత్రం సరిగా లేదనే హెచ్చరికను క్రోమ్ బ్రౌజరులో నూటికి 70 సార్లు దాటి ముందుకు పోయారు. ఫైర్‌ఫాక్స్‌లో నూటికి 33 సార్లే దాటారు. రెండు చోట్లా మనుషులు మనుషులే. హెచ్చరికను కూర్చిన తీరులో చాలా తేడా ఉంది. మాట చెప్పే పద్ధతిగా చెబితే వినేవాళ్ళు ఉన్నారన్నమాట.

రెండో రకం వ్యాపారపు హెచ్చరికలు. కొత్త లాప్‌టాప్ కొంటే అందులో కొన్నాళ్ళు ఉచితంగా పనిచేసే ఆంటీవైరసు ఒకటి పెట్టి ఇస్తుంటారు. గడువు తీరగానే గోల మొదలు. డబ్బు కడితేగాని బతకవన్నట్టు మాట్లాడుతుంది. విండోస్‌లో 2012 నుంచీ డిఫెండర్ అనే ఆంటీవైరసు ఉచితంగానే ఉన్నదని, గడువు తీరినదాన్ని తీసేస్తే అది తనంతట తానే పనిలోకి దిగుతుందని మాత్రం ఆ ఎర్రపెట్టె చెప్పదు.

అమెరికాలో ఇంకా ఘోరం జరిగింది. ఆఫీస్ డిపో అనే దుకాణాల్లో కంప్యూటరుకు ‘ఆరోగ్య పరీక్ష’ చేసేవారు. మొదట నాలుగు ప్రశ్నలు. నెమ్మదిగా నడుస్తోందా, వైరసు హెచ్చరికలు వస్తున్నాయా, ఇలాంటివి. ఏ ఒక్కదానికి ‘అవును’ అన్నా యంత్రానికి రోగం ఉన్నట్టే ఫలితం వచ్చేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2019లో ఆ సంస్థ, దానికి సాఫ్ట్‌వేరు ఇచ్చిన సంస్థ కలిసి మూడున్నర కోట్ల డాలర్లు చెల్లించి రాజీ పడ్డాయి. భయాన్ని సరుకుగా అమ్మడమంటే ఇదే కదా!

మూడో రకం శుద్ధ అబద్ధాలు. సినిమా కోసమో, పాత ప్రశ్నపత్రాల కోసమో ఏదో వెబ్‌సైటు తెరుస్తాం. ‘నోటిఫికేషన్లు పంపమంటారా?’ అని అడుగుతుంది. ‘అలౌ’ నొక్కితేగాని లోపలికి రానివ్వదు. ఆ తర్వాత మూలనుండి వచ్చే వైరసు కబుర్లు అక్కడివే. వైరసు ఉండదు, పాడూ ఉండదు. ఇంకొన్ని తెరనంతా ఆక్రమించి, గొంతు చించుకుని, ఒక ఫోన్ నంబరు ఇస్తాయి. ఫోన్ చేస్తే అవతలివాడు కంప్యూటరు పగ్గాలు తనకిమ్మంటాడు.

మా వైపు లాప్‌టాప్ అంటే కళ్ళంలో మిర్చి అమ్మగా వచ్చిన డబ్బు. నాన్న దాన్ని ఎడ్ల కొట్టం బాగుచేయడానికి వాడుకోవచ్చు, కాని కొడుకు చదువుకు పెట్టాడు. అలాంటి ఇంట్లో ‘మీ యంత్రం పాడైపోతోంది’ అన్న మాట ఎంత లోతుగా గుచ్చుకుంటుందో పట్నపు కంపెనీలకు తెలియకపోదు. పైగా అదంతా ఇంగ్లీషులో. భయం అర్థమవుతుంది, విషయం అర్థం కాదు.

అట్లాగని అన్నీ మూసుకుని కూర్చోవడం తెలివి కాదు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే దాడి ప్రపంచాన్ని వణికించింది. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని వాత పడ్డాయి. దానికి విరుగుడు మైక్రోసాఫ్టు వారు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేశారు. అప్‌డేటు చేయమన్న మాట వెయ్యి అబద్ధపు అరుపుల మధ్య ఎన్ని చోట్ల వినబడకుండా పోయిందో ఆలోచించండి. అబద్ధపు హెచ్చరిక చేసే అసలు ద్రోహం ఇదే. అది నిజం నోరు నొక్కేస్తుంది.

మంచి హెచ్చరిక ఎలా ఉండాలో తెలుసుకోవాలంటే అమెరికా దాకా పోనక్కరలేదు. మా ఇంట్లో పురుగుమందు డబ్బా చూస్తే చాలు. 1971 నాటి నిబంధనల ప్రకారం దానిమీద వజ్రాకారపు గుర్తు ఒకటి ఉండాలి, కింది సగంలో రంగు ఉండాలి. ఎరుపు అతి ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. విషం ఎక్కితే చేయవలసిన విరుగుడు కూడా రాసి ఉంటుంది. చదువు రాని రైతు సైతం రంగు చూసి జాగ్రత్తపడగలడు. అన్ని డబ్బాలకూ ఎరుపే పూస్తే ఆ రంగుకు అర్థం ఏముంటుంది? కంప్యూటరు తెరమీద ఇప్పుడు జరుగుతున్నది అదే.

కనుక మిత్రులారా, మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. బ్రౌజరు సెట్టింగుల్లో నోటిఫికేషన్ల జాబితా తెరిచి తెలియని పేర్లన్నీ తీసేయండి. మూలనున్న గోల చాలావరకు అక్కడితో ఆగుతుంది. ఫోన్ నంబరు ఇచ్చే హెచ్చరిక దొంగదని గుర్తుంచుకోండి. మైక్రోసాఫ్టు వారి నిజమైన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. తెర మూయనివ్వకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, వచ్చే జాబితాలో బ్రౌజరును ముగించండి. ఎవరైనా మోసపోయి డబ్బు పోగొట్టుకుంటే నవ్వకండి, వెంటనే 1930కి ఫోన్ చేయించండి. విండోస్ అప్‌డేటును మాత్రం వాయిదా వేయకండి.

మన సంఘానికి నాదొక విన్నపం. వచ్చే ఏడాది నిధుల్లో కొంచెం తీసి, ఈ సంగతులను తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక్క కాగితంమీద అచ్చు వేయించి లాబు గోడకు అంటించాలి. సెలవులకు ఊరికి పోయేటప్పుడు ప్రతి విద్యార్థి ఒక ప్రతి తీసుకుపోవాలి. అధ్యాపకులు మొదటి సంవత్సరం వారికి కంప్యూటరు క్లాసులో ఒక్క గంట దీనికి కేటాయించాలి. గోడలకు అంటించే ఎన్నికల పోస్టర్లలో పదో వంతు ఖర్చు కూడా దీనికి కాదు.