విషం మిగిల్చింది ఒకరు, ఖర్చు భరిస్తున్నది మరొకరు

2025 జనవరి 1 రాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ కర్మాగారం ఆవరణ నుంచి 12 కంటెయినర్లు గట్టి బందోబస్తు నడుమ బయలుదేరాయి. సుమారు 250 కిలోమీటర్ల దూరంలోని పీతంపుర్ దహన కేంద్రానికి అవి చేరవేసినవి 337 టన్నుల విష వ్యర్థాలు. 1984 డిసెంబరు నాటి దుర్ఘటనకు నలభై ఏళ్లు నిండాక, అదీ మధ్యప్రదేశ్ హైకోర్టు నాలుగు వారాల గడువు విధించాక గానీ ఈ తరలింపు జరగలేదు. పీతంపుర్ వాసుల నిరసనలు, ప్రయోగాత్మక దహనాలు ముగిశాక, 2025 జూన్ చివరికి ఆ వ్యర్థాలన్నీ కాలిపోయాయి. సున్నం వంటివి కలిపి కాల్చినందున 800 టన్నులకు పైగా బూడిద, ఇతర అవశేషాలు మిగిలాయి. ఈ పనికి కేంద్రం ఇచ్చిన మొత్తం 126 కోట్ల రూపాయలు; టన్నుకు 37 లక్షల పైమాటే.

ఈ సొమ్ము యూనియన్ కార్బైడ్‌ది కాదు, 2001లో ఆ సంస్థను సొంతం చేసుకొన్న డౌ కెమికల్‌దీ కాదు. శుద్ధి ఖర్చులకు 100 కోట్లు ముందుగా జమ చేసేలా డౌను ఆదేశించాలని 2005లో కేంద్రం హైకోర్టును కోరింది. ఆ బాధ్యత తమది కాదన్నది కంపెనీ వాదన. అదనపు పరిహారం కోసం కేంద్రం వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను 2023 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. కర్మాగారం స్థలం లీజు 1998లోనే రాష్ట్ర ప్రభుత్వానికి తిరిగి వచ్చేసింది. స్థలంతో పాటు దాని కింది విషమూ ప్రభుత్వానిదే అయింది.

కాలిపోయినది కూడా కంటికి కనిపించే భాగమే. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, నాగపుర్‌లోని నీరి కలిసి జరిపిన అధ్యయనాల ఆధారంగా 2010 నాటికి వేసిన అంచనా ప్రకారం, ఆ ఆవరణలో కలుషితమైన మట్టి సుమారు 11 లక్షల టన్నులు. మట్టిని శుద్ధి చేసే పద్ధతులు వేరు గనుక దహనం ఖర్చును దీనికి వర్తింపజేయడం సరికాదు. అయితే 337 టన్నుల కోసమే నలభై ఏళ్లు పట్టిందన్నది మరువరాదు. ఈలోగా చుట్టుపక్కల బస్తీలకు సుప్రీంకోర్టు ఆదేశాలతో గొట్టాల ద్వారా మంచినీరు అందించవలసి వచ్చింది. అదీ ప్రజాధనమే.

కలుషితం చేసినవారే చెల్లించాలన్న సూత్రం మన న్యాయస్థానాలకు కొత్తది కాదు. రాజస్థాన్‌లోని బిచ్ఛ్‌డీ గ్రామంలో రసాయన కర్మాగారాలు బావులను పాడుచేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు ఆ సూత్రాన్నే నిలబెట్టింది. శుద్ధికి అయ్యే ఖర్చు 37.385 కోట్లుగా లెక్కతేలింది. కంపెనీలు పిటిషన్ మీద పిటిషన్ వేస్తూ పోవడంతో, ఆ మొత్తాన్ని చక్రవడ్డీతో చెల్లించాలని 2011లో అదే న్యాయస్థానం మళ్లీ చెప్పవలసి వచ్చింది. యజమానులు ఎవరో తెలిసిన చోటే పరిస్థితి ఇది.

ఎవరో తేలని చోట సంగతి మరీ కష్టం. హైదరాబాద్ శివార్లలోని కాటేదాన్ పారిశ్రామిక వాడలో ఎన్నో చిన్న పరిశ్రమల వ్యర్థాలు నూర్ మహమ్మద్ కుంటలో కలిశాయి. ఏ ఒక్కరినీ వేలెత్తి చూపలేని ఈ కుంటను 2010లో మొదలైన ప్రపంచ బ్యాంకు రుణ పథకం కింద ప్రయోగాత్మక శుద్ధికి ఎంపిక చేశారు. రుణం తీర్చేదీ చివరికి ప్రజలే.

ఈ నేపథ్యంలో 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలను ప్రకటించింది. జిల్లా యంత్రాంగాలు అనుమానిత స్థలాలపై ఆరు నెలలకొకసారి నివేదిక పంపాలి. ప్రాథమిక పరీక్ష 90 రోజుల్లో పూర్తికావాలి. బాధ్యులు దొరక్కపోయినా, చెల్లించలేకపోయినా ఖర్చును కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఏర్పాటు చేస్తాయి. అప్పటికి దేశంలో గుర్తించిన స్థలాలు 103 కాగా, శుద్ధి మొదలైనవి ఏడే. పరీక్షలకు గడువులు పెట్టిన నిబంధనలు శుద్ధి ముగియవలసిన గడువును మాత్రం చెప్పలేదు. డబ్బుకు హామీ లేనిదే గడువు పెట్టడానికి ఏ ప్రభుత్వమైనా వెనుకాడుతుంది; అసలు చిక్కు అక్కడే ఉంది.

అమెరికా 1980లో సూపర్‌ఫండ్ చట్టం తెచ్చి, చమురు, రసాయన పరిశ్రమలపై పన్ను వేసి ఇలాంటి నిధిని సమకూర్చుకొంది. 1995లో ఆ పన్ను గడువు తీరడంతో భారం సాధారణ ఖజానాపై పడింది. రసాయనాలపై పన్నును పునరుద్ధరించే చట్టం 2021లో గానీ రాలేదు. భారత్‌లోనూ ఇలాంటి వనరు ఒకటి ఉండేది. 2010లో బొగ్గు టన్నుకు 50 రూపాయలతో మొదలై 2016 నాటికి 400కు పెరిగిన సెస్సు అది. స్వచ్ఛ ఇంధనానికి ఉద్దేశించిన ఆ నిధి నుంచి కలుషిత స్థలాల శుద్ధికీ కొంత మళ్లే వీలుండేది. 2017లో జీఎస్టీ రాకతో ఆ స్థానంలో రాష్ట్రాల పరిహార సెస్సు వచ్చి చేరింది. జిల్లాల నివేదికలు అందేకొద్దీ 103 స్థలాల జాబితా పెరిగేదే గానీ తగ్గేది కాదు. వాటి కోసం బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు తెరుస్తారా, లేక ప్రతి స్థలమూ భోపాల్ మాదిరిగా కోర్టు ఆదేశం కోసం ఎదురుచూడాలా అన్నది ఆర్థిక శాఖలు తేల్చవలసిన విషయం.