నిప్పుకు హద్దురాళ్లు తెలియవు

మే నెల మిట్టమధ్యాహ్నం. ఊరి చివర ఓ పూరిల్లు. పొయ్యిలోంచి ఎగిరిన నిప్పురవ్వ చూరుకు తగిలింది. అంతే... 'కొంప అంటుకుందిరో' అని ఎవరో కేక వేస్తారు. తింటున్నవాళ్లు కంచాల ముందు నుంచి లేచి పరుగెత్తుతారు. చేతికందిన బిందె, బకెట్టు పట్టుకుని బావి దగ్గర్నుంచి ఇంటిదాకా వరసగా నిలబడతారు. పక్కింటివాళ్లు తమ కప్పు మీద తడిపిన గోనెసంచులు పరుస్తారు. ఆ పూట బిందె ఎవరిదో, బావి ఎవరిదో అడిగేవాళ్లుండరు. పాత తగాదాలు కూడా గుర్తుకు రావు.

మంటలార్పడంలో ఇరుగుపొరుగు సాయం మనకు కొత్త కాదు. అదే సాయాన్ని ముందుగానే మాట్లాడుకుని, కాగితం మీద రాసుకుని, ఖర్చు కూడా పంచుకుంటే? ప్రపంచంలో చాలాచోట్ల ఇప్పుడు ఇదే ఆలోచన. నెల్లూరు తీరంలోని కృష్ణపట్నం చుట్టుపక్కల ఈ ఆలోచనకు మరీ పనుంది.

ఒక్క రేవు... ఎన్నో గోడలు

కృష్ణపట్నం రేవు 2008 జులైలో ప్రారంభమైంది. 2020-21లో అదానీ సంస్థ చేతికి వెళ్లింది. రేవుకు బొగ్గు వచ్చింది. బొగ్గు వెంట కరెంటు కేంద్రాలు వచ్చాయి. నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం... 800 మెగావాట్ల యూనిట్లు మూడు. పైనాపురం వైపు ప్రైవేటు విద్యుత్ కేంద్రం. పంటపాళెం దగ్గర వంటనూనెల శుద్ధి కర్మాగారాలు. వీటన్నిటి మధ్యనే ముత్తుకూరు మండలం పల్లెలు, రొయ్యల గుంటలు, మత్స్యకారుల వాడలు.

ఇక్కడ పోగుపడిన సరుకు చూడండి. బొగ్గు గుట్టను ఎవరూ ముట్టించనక్కర్లేదు. గాలి తగులుతూ లోలోపలే వేడెక్కి, దానంతటదే రాజుకుంటుంది. ఇక నూనె సంగతి ప్రతి ఇల్లాలికీ తెలిసిందే. బూరెల మూకుడు అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మంట ఎగిసిపడుతుంది. స్టవ్ ఆపి పైన మూత పెట్టాలి. వేల టన్నుల నూనె ట్యాంకుకు మూత ఎవరు పెడతారు? అక్కడ ఆ పని చేసేది నురగ. నూనె మీద దుప్పటిలా పరుచుకుని గాలి అందకుండా చేస్తుంది. ఆ నురగ మందు ఖరీదైనది. ఎప్పటికీ నిల్వ ఉండదు, గడువు తీరితే మార్చాల్సిందే.

రేవులో నిప్పు ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒక తేదీ చాలు. దేశమంతటా ఏటా ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో సరిగ్గా ఆ రోజున బొంబాయి రేవులో 'ఫోర్ట్ స్టికిన్' అనే ఓడ అంటుకుంది. పత్తి బేళ్లూ పేలుడు పదార్థాలూ ఒకే ఓడలో ఉన్నాయి. ఆర్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బందిలో 66 మంది ప్రాణాలు పోయాయి. పేలుడు రేవు గోడ దగ్గర ఆగలేదు, పక్కనున్న పేటల మీద కూడా నిప్పులు కురిపించింది.

ఎవరి ఫైరింజన్ వారిదేనా?

ఫైరింజన్‌ను చూడగానే అందరూ దాని ధర గురించే ఆలోచిస్తారు. అసలు ఖర్చు బండిది కాదు, మనుషులది. మంట ఎప్పుడు లేస్తుందో తెలీదు కాబట్టి మూడు షిఫ్టుల్లో, 365 రోజులూ సిబ్బంది సిద్ధంగా ఉండాలి. వాళ్లకు శిక్షణ ఇవ్వాలి, గొట్టాలు ఆరబెట్టాలి, పంపులు పరీక్షించాలి. ఏళ్ల తరబడి ఏమీ జరగకపోతే లెక్కల పుస్తకంలో ఇదంతా దండగ ఖర్చులాగే కనబడుతుంది. జరిగిన రోజున ఎంతున్నా చాలదు. ఇరుగుపొరుగుతో కలిసి పంచుకోవాలన్న ఆలోచన పుట్టేది ఇక్కడే.

అమెరికాలో ఊళ్లు ఎక్కడికక్కడ 'ఫైర్ డిస్ట్రిక్టులు' ఏర్పాటు చేసుకుని, వాటికోసం విడిగా పన్ను కట్టుకుంటాయి. పక్కపక్కనే ఉన్న రెండు చిన్న డిస్ట్రిక్టులు ఒకే అధికారిని పెట్టుకోవడం, శిక్షణ మైదానం, బండ్ల మరమ్మతు షెడ్డు కలిపి వాడుకోవడం అక్కడ మామూలే. స్కాట్లండ్ ఇంకా ముందుకెళ్లింది. 2013 ఏప్రిల్ 1న ఎనిమిది ప్రాంతీయ దళాలను కలిపి ఒక్కటి చేసింది. తర్వాత ఫోన్లు అందుకునే కంట్రోల్ రూములను ఎనిమిది నుంచి మూడుకు తగ్గించింది.

మన దగ్గర ఆ తలనొప్పి లేదు. మహారాష్ట్ర, గుజరాత్ నగరాల్లో అగ్నిమాపక దళాలను కార్పొరేషన్లు నడుపుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం రాష్ట్రమంతటికీ ఒకటే శాఖ, ఒకటే నంబరు - 101. పై అధికారులను కలిపి మిగుల్చుకునేదేమీ లేదు. మరి మన గోడలెక్కడున్నాయి? రేవుకూ కరెంటు కేంద్రానికీ మధ్య... కర్మాగారానికీ కర్మాగారానికీ మధ్య... కంపెనీ గేటుకూ పల్లెకూ మధ్య!

అంకలేశ్వర్ దారి

ఈ గోడలు దాటినవాళ్లు గుజరాత్‌లో ఉన్నారు. అంకలేశ్వర్‌లో రసాయన పరిశ్రమలు కిక్కిరిసి ఉంటాయి. అక్కడి పరిశ్రమలు కలిసి విపత్తుల నివారణ కేంద్రం ఒకటి పెట్టుకున్నాయి. చిన్న ఫ్యాక్టరీ తన మటుకు తాను కొనలేని బండి, పెట్టుకోలేని సిబ్బంది అక్కడ అందరికీ ఉమ్మడి. ఏ గేటు నుంచి ఫోనొచ్చినా బండి కదులుతుంది. మహారాష్ట్రలోని ఠాణే-బేలాపూర్ పరిశ్రమలది మరో పద్ధతి. ఎవరి సామగ్రి వారిదే, ఒకరికి ఆపద వస్తే మిగిలినవారు పంపుతారు.

వినడానికి ఎంత తేలికో! కానీ సాయానికి వచ్చినవాడి గొట్టం మన కుళాయికి పట్టకపోతే? 1904 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోర్ నగరం తగలబడినప్పుడు జరిగిందదే. వాషింగ్టన్ నుంచి ఫైరింజన్లను రైల్లో హడావుడిగా తరలించారు. తీరా చూస్తే గొట్టాల మరలు బాల్టిమోర్ కుళాయిలకు పట్టలేదు. మనుషులున్నారు, నీళ్లున్నాయి, మధ్యలో మర ఒక్కటే అడ్డం. 1500కు పైగా భవనాలు బూడిదయ్యాయి. గొట్టాల బిగింపులన్నీ ఒకే కొలతలో ఉండాలన్న పట్టుదల ఆ తర్వాతే పెరిగింది. మన దేశంలోనూ వాటికి భారతీయ ప్రమాణం ఉంది. అయినా పాత గొట్టం, కొత్త గొట్టం ఒకదానికొకటి పడతాయో లేదో బిగించి చూస్తేగానీ తెలీదు. ఆ చూసే పని మంట లేని రోజే జరగాలి.

కాగితం మీద నాలుగు... రోడ్డు మీద ఒకటి

పంచుకోవడంలో ఒక మోసం కూడా దాగుంది. పక్కవాడికి బండి ఉందిగదా అని ఒకరు తమది తగ్గించుకుంటారు. వాళ్లకుందిగదా అని ఇంకొకరు తగ్గించుకుంటారు. అదే బండిని నలుగురూ తమ ప్రణాళికలో రాసుకుంటే కాగితం మీద నాలుగు బండ్లు, రోడ్డు మీద ఒక్కటే! పైగా అది సాయానికి వెళ్లిన గంటలో సొంత గేటు దగ్గర ఎవరుంటారు? జవాబు రాసిలేని ఒప్పందం పొదుపు కాదు, అప్పు. అది తీరేది మంట లేచిన రోజున.

ఇంకో సంగతి... ఆఫీసులు కలపొచ్చు, దూరాన్ని కలపలేం. పిలుపందాక ఫైరింజన్ పట్టణాల్లో 5 నుంచి 7 నిమిషాల్లో, పల్లెల్లో 20 నిమిషాల్లో చేరాలని జాతీయ స్థాయి అగ్నిమాపక సలహా మండలి ఏనాడో చెప్పింది. కృష్ణపట్నం నెల్లూరికి పాతిక కిలోమీటర్ల పైమాటే. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చినా బండికి అరగంట. లారీల వరస అడ్డొస్తే ఆ అరగంట ముప్పావుగంటవుతుంది. తాటాకు కప్పు అంతసేపు ఆగదు. కాబట్టి కలిపితే శిక్షణ కలపాలి, మరమ్మతులు కలపాలి, నురగ నిల్వలు కలపాలి. పల్లెకు దగ్గరగా ఉన్న బండిని మాత్రం పొదుపు పేరుతో దూరం చేయకూడదు.

మరి పల్లెలో చూరు అంటుకుంటే, కూతవేటు దూరంలో ఉన్న కంపెనీ బండి గేటు దాటి వస్తుందా? ఎవరు చెబితే వస్తుంది? ఎవరి అనుమతి కోసం ఎంతసేపు ఆగాలి? ఉమ్మడి ఒప్పందంలో మొదట రాసుకోవాల్సింది ఈ మూడు ప్రశ్నలకు జవాబులు. బొగ్గు బూడిదనూ లారీల దుమ్మునూ భరించే ఊళ్లకు కనీసం నీళ్లబండి మీదైనా వాటా ఉండాలిగా!

సర్పంచికీ ఓ కుర్చీ

ఇందుకు కొత్త చట్టాలేమీ అక్కర్లేదు. భోపాల్ విషాదం తర్వాత 1989లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రమాదకర రసాయనాలు పెద్ద మొత్తంలో ఉన్న ప్రతి కర్మాగారం లోపలి ప్రమాదాలకు ప్రణాళిక రాసుకోవాలి, ఆర్నెల్లకోసారి దాన్ని ఆచరించి చూడాలి. గోడ బయటి ఊళ్లకోసం జిల్లా యంత్రాంగం ప్రణాళిక వేయాలి, ఏడాదికోసారైనా సాధన చేయించాలి. 1996 నిబంధనలు మరో మెట్టు పైకెక్కాయి. జిల్లాలో కలెక్టర్ నాయకత్వాన ఒక సంక్షోభ బృందం, పారిశ్రామిక ప్రాంతంలో స్థానిక బృందం ఉండాలన్నాయి. ఆ స్థానిక బృందంలో పరిశ్రమలవాళ్లు, ఫైర్ ఆఫీసరు, డాక్టర్లు కూర్చుంటారు. ఊరి తరఫున సర్పంచి లాంటి పెద్దకూ చోటుంది. స్థానిక పత్రిక సంపాదకుడికీ చోటుంది.

ఆ కుర్చీలో కూర్చున్నవారు అడగాల్సినవి పెద్ద ప్రశ్నలేం కావు. మన గొట్టాలు ఒకదానికొకటి బిగుస్తాయా? నురగ ఎవరి దగ్గర ఎంతుంది, గడువెప్పుడు? రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తేదెవరు? నాలుగు బండ్లు ఒకచోట చేరితే హుకుం ఎవరిది? చెరువు దగ్గరికి బండి వెళ్లే దారుందా? కిందటిసారి సాధనలో ఎన్ని నిమిషాలు పట్టింది?

వీటికి జవాబులు వెతకడానికి కోట్లు అక్కర్లేదు, కొన్ని పూటలు చాలు. గొట్టాలన్నీ ఒకచోటికి తెచ్చి బిగించి చూడటానికి ఒక పూట. ఫోన్ నంబర్లన్నీ కలిపి పల్లెల్లో గోడల మీద రాయించడానికి ఒక పూట. బండ్లన్నీ గేట్లు దాటి పల్లెదాకా వచ్చి వెళ్లడానికి ఇంకో పూట. ఇల్లు కాలుతుంటే బావి తవ్వకూడదని మన పెద్దలు అననే అన్నారు. కృష్ణపట్నం చుట్టూ ఇప్పటికే బావులు చాలానే ఉన్నాయి. చేద మాత్రం అందరి చేతికీ అందాలి.